రేకుడబ్బా గిటార్

"నీ గిటారు ముందు మనిషి మాదిరి మోగనీ, అప్పుడు నేను పాడతాలే" అంది మా అక్క, దోసె తిరగేస్తూ.

అన్న మనిషి అక్కడితో మరచిపోయింది. చట్నీ చాలుతుందా లేదా అన్న చింతలో పడిపోయింది. నేను మాత్రం ఆ మాట పట్టుకుని ఐదు నెలలు వేలాడాను. మాట ఇచ్చినవాళ్ళు మరచిపోవచ్చు, పుచ్చుకున్నవాళ్ళు మరవకూడదని నా సిద్ధాంతం.

మాది కదిరి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో మేమిద్దరమే ఉంటాం. ఎందుకు ఇద్దరమే అన్నది వేరే కథ, అదేమంత ఆసక్తిగా కూడా ఉండదు. అక్క దగ్గర్లోని స్కూల్లో ఐదో తరగతికి పాఠాలు చెబుతుంది. నేను ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. అంటే ఒకరు చేసిన పనిలో తప్పులు పట్టి, జాబితా రాసి, వాళ్ళ మొహాన పెట్టడం నా ఉద్యోగం. అది ఉద్యోగం కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు, దానికి జీతం ఇచ్చేవాళ్ళు దొరకడమే నా అదృష్టం అంటుంది అక్క.

అక్క పాడేది. కచేరీలు, టీవీలు కాదు. గిన్నెలు సర్దుతూ, బట్టలు ఆరేస్తూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ పాడేది. చిన్నప్పుడు కదిరిలో ఒక పంతులమ్మగారి దగ్గర నాలుగేళ్ళు నేర్చుకుంది. ఆమె మొదటి రోజే హార్మోనియం ముందు కూర్చోబెట్టి, మెట్లు నొక్కి చూసి, "నీ శ్రుతి ఐదున్నర" అని తేల్చింది. ఏ మెట్టు దగ్గర మన 'స' హాయిగా పలుకుతుందో ఆ అంకె మన శ్రుతి. అంకె పెరిగేకొద్దీ గొంతు పైన ఉన్నట్టు. ఐదున్నర అంటే మంచి పైగొంతు. కొందరు తమ నక్షత్రం చెప్పుకున్నట్టు అక్క "నాది ఐదున్నర" అని చెప్పుకునేది. స్కూల్లో రోజూ పొద్దున ప్రార్థన ఆమే ఎత్తుకునేది.

రెండేళ్ళ కిందట అక్కకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గండం ఏమీ లేదు, బాగైపోయింది. కొన్నాళ్ళు గుసగుసగా మాట్లాడింది, తర్వాత గొంతు తిరిగొచ్చింది. కాకపోతే కాస్త కిందికి, కాస్త బరువుగా వచ్చింది. డాక్టరు పాడుకోవచ్చు అన్నాడు. అక్క ఫోన్లో శ్రుతి పెట్టుకుని, ఐదున్నరలోనే, తలుపేసుకుని మొదలుపెట్టింది. పాట పైకి వెళ్ళే చోట గొంతు రెండుగా చీలింది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజు ఫోన్లోంచి ఆ శ్రుతి యాప్ తీసేసి, "పోయింది లేవే, ఉన్నన్నాళ్ళు ఉండె" అంది. స్కూల్లో ప్రార్థనకు స్పీకరు పెట్టుకున్నారు. మా వంటింట్లో మిక్సీ చప్పుడు, కుక్కరు చప్పుడు మిగిలాయి. ఆ ఇంట్లో నేను భరించలేనిది అదొక్కటే. ఆమె బాధపడుతూ కూర్చుంటే ఏదో ఒకటి చేసేదాన్ని. ఆమె మామూలుగానే ఉంది, పాట ఒక్కటే లేదు.

గిటార్ ఆలోచన అందుకే వచ్చింది. అక్క దేన్నైనా ఓర్చుకుంటుంది గానీ, ఎవరైనా అపశ్రుతి పలికితే ఓర్చుకోలేదు. చిన్నప్పుడు నేను స్నానం చేస్తూ కూనిరాగం తీస్తే బయటనుంచి తలుపు కొట్టి మరీ సరిచేసేది. కాబట్టి నేను ఇంట్లో ఒక వాయిద్యం పట్టుకుని పాట పాడు చేస్తుంటే, విని విని, ఒకనాటికి ఉండబట్టలేక తానే అందుకుంటుంది. ఇదీ నా పథకం. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒకతను మంచం, బకెట్లు, గిటార్ కలిపి ఫోటో పెట్టాడు. మంచం ఎవరో తీసుకున్నారు. గిటార్ దాదాపు ఊరికే వచ్చింది. దానితోపాటు ఒక బకెట్ కూడా ఇచ్చాడు.

బకెట్ మంచిది. ఇప్పటికీ వాడుతున్నాం.

గిటార్ సంగతి అలా కాదు. తీగలు తుప్పుపట్టి ఉన్నాయి. మీటితే రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు మోగింది. పథకం ప్రకారం చూస్తే చెడుగా మోగడం మంచిదే. కానీ నా పథకంలో ఒక లోపం ఉంది, అది మొదటి వారంలోనే తెలిసింది. అక్కను రెచ్చగొట్టాలంటే నేను వాయించేది కొంచెమైనా పాటలా ఉండాలి. ఇది పాట అని అక్క గుర్తుపట్టలేకపోయింది. "బోరింగు పంపు యాడ్నో కీచుమంటాండాదే, వాచ్‌మన్‌కి చెప్పు" అంది. ఆ పూటే దోసె దగ్గర పై మాట అన్నది.

సరే, లోపం ఉన్న చోట టెస్టర్ ఊరుకోదు. గిటార్ ముందు కూర్చుని జాబితా రాశాను. మొదటిది, తీగలు తుప్పు. రెండు, తీగలకూ కింది చెక్కకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు, నొక్కడానికి పహిల్వాన్ కావాలి. మూడు, శ్రుతి నిలవదు. నాలుగు, వాయించేవాళ్ళకు రాదు. నాలుగోది తర్వాత చూద్దామని పక్కన పెట్టాను.

కొత్త తీగలు తెప్పించాను. ఫోన్లో ఒక ట్యూనర్ యాప్ దించుకున్నాను. ఏ తీగ ఎంత బిగించాలో అది చెబుతుంది. సరిగ్గా ఉంటే పచ్చగీత, లేకుంటే ఎర్రగీత. నాకు ప్రాణం లేచొచ్చింది. జీవితంలో ఇంత స్పష్టంగా మాట్లాడేవాళ్ళు నాకు తగల్లేదు. పచ్చగీత కోసం సన్నతీగను బిగించాను, ఇంకా బిగించాను, గీత ఎర్రగానే ఉంది, ఇంకో చుట్టు తిప్పాను. టప్‌మని తెగి చెంప మీద కొట్టింది. ఎప్పుడో దాటిపోయిన మెట్టు కోసం ఇంకా పైకి వెళ్తున్నానని తర్వాత తెలిసింది.

"పాడిందా?" అని వంటింట్లోంచి అడిగింది అక్క.

ఇంకో సన్నతీగ తెచ్చి జాగ్రత్తగా బిగించాను. వీడియోలు చూసి మూడు కార్డ్‌లు, అంటే రెండు మూడు తీగలు కలిపి నొక్కే పద్ధతులు, నేర్చుకున్నాను. వాటికి ఇంగ్లీషులో ఏవో అక్షరాల పేర్లున్నాయి, నేను పట్లు అనే అంటాను, వేళ్ళతో పట్టుకు చావాలి కనుక. వేళ్ళ చివర్లు బొబ్బలెక్కాయి. అక్క చూసి, గిటార్‌ను తిట్టి, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసింది. మా ఇంట్లో దెబ్బకైనా, దిగులుకైనా అదే మందు. ఆ వేళ్ళతోనే నేను సాయంత్రం గంటసేపు సాధన చేశాను. మర్నాడూ రాయించుకున్నాను, మర్నాడూ సాధన చేశాను. వారం తిరిగేసరికి కొత్త తీగలు మూగబోయాయి. తీగ చుట్ల సందుల్లో నూనె, పసుపు కూరుకుపోతే అది మోగదని నాకెవరు చెప్పారు? నొక్కే చెక్క పచ్చగా పేరంటాలి పాదాల్లా తయారైంది. నేను మాత్రం తయారు చేసిన కంపెనీని తిట్టుకుంటూ కూర్చున్నాను.

తర్వాత ఆ సందు సంగతి చేపట్టాను. గిటార్ పొట్ట మీద ఒక అడ్డపట్టీ ఉంటుంది, అందులో తీగలు ఆనుకోవడానికి సన్నటి తెల్లముక్క దిగేసి ఉంటుంది. ఆ ముక్కను కింద కాస్త అరగదీస్తే తీగలు దిగుతాయని వీడియోలో ఒకాయన చెప్పాడు. కాస్త అన్నాడు. నాకు కాస్త అనే మాట ఒంటబట్టదు. గరుకు కాగితం మీద పెట్టి తోమితే హాయిగా ఉంది, తోముతూ ఒక మీటింగ్ మొత్తం విన్నాను. తీగలు దిగాయి. దిగి చెక్కకు తగులుతూ జుమ్మని ఈగల్లా మొత్తుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు పైకి లేపాలి. బీరువాలో ఒక పాత శుభలేఖ దొరికింది, మంచి దళసరి కాగితం. సన్నగా కత్తిరించి ముక్క కింద పెట్టాను. ఈగల మోత తగ్గింది. అక్క ఆ శుభలేఖ మిగతా సగం చూసింది.

"వినాయకుణ్ణి కత్తిరించినావా?"

"సగమే."

"ఏ సగం?" అంది.

ఆఖరుకు క్లిప్పు కొన్నాను. గిటార్ మెడకు బిగిస్తే తీగలన్నీ ఒక మెట్టు పైకి పలుకుతాయి. నాకొచ్చిన మొదటి పట్టు ఐదో మెట్టులో పలుకుతుంది. క్లిప్పు పెడితే ఐదున్నర. అంటే అక్క శ్రుతి. అది లెక్క కట్టి తెలుసుకున్న రోజు నాకు చాలా గర్వంగా ఉంది. అక్క వినేటట్టు హాల్లో కూర్చుని, కదిరిలో మా నాయనమ్మ ఊయల దగ్గర పాడిన పాట ఎత్తుకున్నాను. మా ఇల్లు దాటి ఆ పాట ఎవరికీ తెలీదు, మూడు పట్లలో సరిపోతుంది. యాప్ పచ్చగా చూపించాకే క్లిప్పు బిగించాను, అయినా మీటినకొద్దీ పులిసిన మజ్జిగలా ఉంది. అక్క తలుపు దగ్గర నిలబడింది. గొంతు సవరించుకుంది. ఐదున్నరలో మొదటి మాట పలికింది, రెండో మాట దగ్గర గొంతు చీలింది, దగ్గింది.

"రేకుడబ్బా" అంది నా గిటార్‌ను చూసి, "దీనితో ఎవురైనా పాడతారా?" అని వెళ్ళి బియ్యం కడిగింది.

తప్పు గిటార్‌దే అని నేనూ నమ్మాను. నమ్మడం ఇద్దరికీ సుఖంగా ఉంది.

ఆఫీసులో పక్క సీటామె బళేపేటలో వాయిద్యాలు బాగుచేసే సందు ఉందని చెప్పింది. ఒక శనివారం గిటార్‌ను దుప్పట్లో చుట్టుకుని సిల్క్ బోర్డు దగ్గర మెట్రో ఎక్కి, ఆర్వీ రోడ్డులో మారి, చిక్‌పేటలో దిగాను. గాజుల దుకాణాలు, ఇనపసామాను దుకాణాలు దాటితే ఒక మేడమెట్లు. పైన ఒకే గది. గోడలకు బిడ్డల్లా ఆనుకుని వీణలు, తంబూరాలు. మధ్యలో చాప మీద ఒక పెద్దాయన, ఒడిలో హార్మోనియం పేగులు. నేను వచ్చీరాని కన్నడంలో మొదలుపెడితే ఒక్క మాటకే కనిపెట్టేశాడు.

"తెలుగేనా? చెప్పమ్మా. మేం ఈడనే పుట్టినోళ్ళం, నాలుగు తరాల నుంచి. ఇంట్లో తెలుగే."

దుప్పటి విప్పి ఇచ్చాను. ఒకసారి మీటాడు. గిటార్ వీపుకు చెవి ఆనించి ఇంకోసారి మీటాడు. తర్వాత చెక్కను వాసన చూశాడు.

"దీని మీద దోసె పోసినారా?"

బొబ్బలు, నూనె, పసుపు కథ చెప్పాను. నవ్వలేదు. తీగలు వదులు చేసి తెల్లముక్క పైకి లాగాడు. దాంతోపాటు బంగారు రంగు వినాయకుడి చెవి, తొండంలో కొంత బయటికొచ్చాయి. దాన్ని రెండు వేళ్ళతో తీసి, కళ్ళకద్దుకుని, గోడ మీద పటం వెనక దోపాడు.

"పెట్టె చవకదే గానీ, చెడ్డది కాదమ్మా. కట్టె లోపల సరిగ్గానే ఉండాది. ఈ కుదురెనే సంపేసినావు." తెల్లముక్కను చూపించాడు. కన్నడంలో కుదురె అంటే గుర్రం. తీగలు దాని వీపు మీద స్వారీ చేస్తాయి గనుక ఆ పేరని చెప్పాడు. "ఈ క్లిప్పొకటి, దాని గొంతు పట్టుకోనుండాది. కాగితంతో తంతులు మళ్ళా ఇంత ఎత్తు లేచిండంగా క్లిప్పుతో అదిమితే శ్రుతి పైకి లాగుతాది. పుల్లగా పలుకుతాదా?"

పులిసిన మజ్జిగ అని నేననుకున్నదాన్ని ఆయన పుల్లగా అన్నందుకు, ఇంతకాలానికి నా బాధ అర్థమైన మనిషి దొరికాడనిపించింది. కొత్త కుదురె చేసి పెట్టమన్నాను.

"చేస్తా. పాడేది ఎవురు?"

"వాయించేది నేనే."

"వాయించేది నువ్వులే. దీంతో పాడేది ఎవురు?"

"మా అక్క. కానీ ఆమె పాడదు. అంటే, పాడుతుంది, ఇది బాగైతే."

"ఆమె శ్రుతి?"

"ఐదున్నర" అన్నాను, గర్వంగా.

"ఆమెను పిల్చుకోనిరా. గొంతు వినకుండా మేం కుదురె కొయ్యం. మా తాత కాలం నుంచి అదే పద్ధతి. ఎంత ఎత్తు, ఎంత లావు తంతి, అంతా గొంతును బట్టే."

నాకు తిక్క రేగింది. అది వీణ కాదు, గిటార్ అన్నాను. ఆరు తీగలు, ఆరింటికీ ప్రపంచమంతా ఒకటే లెక్క అని ఫోన్ తీసి యాప్ చూపించాను. ఆయన పచ్చగీతను శ్రద్ధగా చూశాడు.

"ప్రపంచమంతా లెక్క ఒకటే, సరి. గొంతు ఒకటేనా?" అని హార్మోనియం మీదికి వంగిపోయాడు. ఇంక తల ఎత్తలేదు. గిటార్‌ను అక్కడే వదిలి, ఇంటికి వచ్చేదాకా ఆయన్ను తిట్టుకుంటూనే వచ్చాను.

అక్కను గిటార్ కోసమంటే రప్పించలేం. గాజులంటే వస్తుంది. స్కూలు వార్షికోత్సవంలో కోలాటం పిల్లలకు గాజులు కావాలి, అవి బళేపేటలో అయితే అగ్గువ అన్నాను. మరుసటి శనివారం గాజులు కొన్నాం, బేరమాడాం, రెండు సంచులు నిండాయి. తర్వాత "ఇక్కడ ఒక్క నిమిషం" అని మేడమెట్లు ఎక్కించాను. గోడకు నా గిటార్ కనబడగానే అక్కకు విషయం తెలిసిపోయింది. టీచర్లకు తెలిసిపోతుంది.

"నేను పాడను" అంది, చెప్పులైనా విప్పకుండా.

"పాడొద్దులేమ్మా. కూచోండి, ఎండలో వచ్చినారు. కాఫీ తాగండి" అన్నాడు పెద్దాయన. కిందికి కేకేసి మూడు కాఫీలు తెప్పించాడు. ఆమెను ఒక్క స్వరం అడగలేదు. గిటార్ ఒడిలో పెట్టుకుని, నన్ను మాత్రం, పాట ఏ పట్టుతో మొదలవుతుందో చూపించమన్నాడు. చూపించాను. అందులో మూడో తీగ నొక్కకుండా ఖాళీగా మోగుతుంది, పాట 'స' పలికేది దాని మీదే. ఆయన తలూపి అక్క వైపు తిరిగాడు.

"ఏమ్మా, మీ చెల్లెలు ఈ పెట్టెకు నూనె పూసిండాదే, మీరు చెప్పలేదా?"

అంతే, గేట్లు ఎత్తేసినట్టైంది. నూనె తాను వేళ్ళకు రాస్తే నేను గిటార్‌కు రాసిన వైనం, వినాయకుణ్ణి కత్తిరించిన వైనం, నాలుగు నెలలుగా ఇల్లంతా గరుకు కాగితం పొడి, చెప్పిన మాట వినని నా బుద్ధి, ఐదో తరగతి పిల్లలు నయమన్న సంగతి అన్నీ వరసగా చెప్పింది. నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. పెద్దాయన "అట్లనా", "అయ్యో" అంటూ తల వంచుకుని మూడో తీగను బిగించే చెవి తిప్పుతున్నాడు. వినీ వినబడకుండా మీటుతున్నాడు. తిప్పుతున్నాడు, మీటుతున్నాడు. తీగ కిందికి దిగుతోంది.

"...ఏం చెప్పినా దీనికి ఎక్కదు" అని అక్క వాక్యం ముగించింది. ఆ చివరి మాట ఎక్కడ ఆగిందో, సరిగ్గా అక్కడ తీగ మోగింది. ఈసారి ఆయన గట్టిగానే మీటాడు.

అక్క ఆగిపోయింది. నాకు పట్టడానికి సమయం పట్టింది గానీ, ఆమె చెవులు అలాంటివి కావు.

"అది నాలుగు కదా" అంది.

"నాలుగేనమ్మా."

"నాది ఐదున్నర."

"ఉండె. ఇప్పుడు నాలుగు ఉండాది" అన్నాడు, పిన్‌కోడ్ మారిందని చెప్పినట్టు. "వీణకు లావు తంతి వేసినామనుకోండి, పాత శ్రుతికి బిగిస్తే తెగుతాది. దించుకుంటాం. అదేం తక్కువ కాదు. ఆడ్నే దాని మాట."

అక్క గాజుల సంచి ఒళ్ళో పెట్టుకుని తీగ వైపే చూసింది. రెండేళ్ళు పోయిందనుకున్నది మూడు మెట్ల కింద కూర్చుని ఉందని వినడం ఎలా ఉంటుందో నాకు తెలీదు. నాకు మాత్రం సిగ్గేసింది. తప్పులు పట్టడం నా వృత్తి. ఐదు నెలలు తీగల్ని, చెక్కను, క్లిప్పును, కంపెనీని అన్నిటినీ పరీక్షించాను గానీ, ఐదున్నర అన్న అంకెను ఒక్కసారి అనుమానించలేదు. అక్కా అనుమానించలేదు. చిన్నప్పుడు పంతులమ్మగారు రాసిచ్చిన అంకె మా ఇంట్లో జాతకంలా నిలబడిపోయింది.

తిరుగు మెట్రోలో, ఆర్వీ రోడ్డులో రైలు మారేటప్పుడు, "నాలుగంటే మొగోళ్ళ దగ్గరికి వచ్చినట్టే కదే" అంది అక్క. నేను కాదన్నాను. నాకు తెలిసి కాదు, ఏదో ఒకటి అనాలి కనుక.

వారం తర్వాత ఒక్కదాన్నే వెళ్ళి గిటార్ తెచ్చుకున్నాను. ఏదో పాత వీణ పనిలో మిగిలిన ఎముకముక్కతో కుదురె చేశాడు, పసుపు గీకేశాడు, కాస్త లావు తీగలు వేశాడు. అక్క తిట్టిన చోటుకు సరిపోయేలా ఆరు తీగలనూ ఐదు నుంచి నాలుగుకు, రెండేసి మెట్లు దించి కట్టాడు. "క్లిప్పు పడెయ్" అన్నాడు. మీటితే నా గిటార్ అని నేనే నమ్మలేదు. గులకరాళ్ళు లేవు. లోపల ఖాళీ జాగా ఉన్న వస్తువులా, నిండుగా, మెల్లగా మోగింది. వేళ్ళకు కూడా తీగలు మెత్తగా తగిలాయి.

ఆదివారం పొద్దున బాల్కనీలో కూర్చుని యాప్ తెరిచాను. అలవాటు. మూడో తీగ మీటితే ఎర్రగీత. రెండోది ఎర్రగీత. ఆరూ ఎర్రగీతలే. నా బుద్ధి ఏమిటో చెప్పాను కదా. కారణం తెలిసి కూడా, ఆరు తప్పులు కళ్ళ ముందు కనబడుతుంటే ఊరుకోవడం నా చేతిలో లేదు. కొంచెం చూద్దామని మూడో తీగ చెవి తిప్పాను. గీత పచ్చబడుతోంది. ఒకటి అయింది. రెండోది పట్టుకున్నాను.

అక్క తడిబట్టల బకెట్‌తో వచ్చింది. అదే, గిటార్‌తో వచ్చిన బకెట్. దండెం మీద నా చుడీదార్ దులిపి వేసి, బట్టల క్లిప్పు పెడుతూ, నా వైపు తిరక్కుండానే అంది.

"ఎందుకు బిగిస్తాండావు?"

"పచ్చగీత రాలేదక్కా."

"దించు."

"ఏంటి?"

"ఆయప్ప పెట్టినకాడికి దించవే. నాకాడ అంత లేదు."

ఆ చివరి మాట ఆమె మామూలుగానే అంది. ఇంట్లో పంచదార లేదన్నట్టు. రెండేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. నేను ఫోన్ బోర్లించాను. మూడో తీగ చెవిని వెనక్కి తిప్పాను. ఎక్కడ ఆపాలో యాప్ లేకుండా నాకు తెలీదు. అక్క దిండుగలీబు పిండుతూ "ఇంకా" అంది. "ఇంకా. ఇంకొంచెం. ఆ, చాలు."

మొదటి పట్టు పట్టుకుని మీటాను. అక్క నాకు వీపు పెట్టి, ఆరేస్తున్న బట్ట పట్టుకుని, నాయనమ్మ పాట ఎత్తుకుంది.

ఆ గొంతు నాకు తెలియదు. పాట తెలుసు, మనిషి తెలుసు, గొంతు తెలియదు. పాతదానిలా మెరవలేదు. కింద, కొంచెం గరుగ్గా, మా నాయనమ్మ గొంతుకు దగ్గరగా ఉంది. పాట పైకి వెళ్ళే చోటు వచ్చింది. గొంతు కొంచెం వణికింది, పడలేదు, దాటి వెళ్ళిపోయింది. నేను వింటూ ఉండిపోయి, పట్టు మార్చడం మరచిపోయాను.

"మార్చవే" అంది పాట మధ్యలోనే, తాళం తప్పకుండా, వెనక్కి తిరక్కుండా.

మార్చాను. కళ్ళు కనబడక మూడో వేలు పక్క తీగ మీద పడింది. నేను ఏడుస్తున్నానని దాచుకోవడానికి ఏమీ లేదు, ఆమె చూడటం లేదు. పాట మూడు చరణాలూ పాడింది. బకెట్‌లో బట్టలు అయిపోయినా, ఒక దిండుగలీబును మళ్ళీ తీసి, దులిపి, మళ్ళీ వేసి, పాట పూర్తి చేసింది.

తర్వాత ఖాళీ బకెట్ చంకన పెట్టుకుని, నన్ను, నా మొహాన్ని, ఒళ్ళో గిటార్‌ను చూసింది.

"ఇంకా బాగు కాలేదే నీ గిటారు" అంది. "రేపు పొద్దున ఇంకొకసారి చూద్దాం."